తాతయ్య గుడ్ మార్నింగ్‌లు

జనవరి రెండో వారం. అమెరికాలో, బాతెల్ నుంచి స్పోకేన్ వెళ్ళే హైవే మీద, కార్‌లో. డ్రైవ్ చేస్తున్నది ఫణి. పక్క సీట్లో కూతురు కృతి. ఘనాలో ఒక సెమిస్టర్ చదివి మూడు వారాల కిందటే తిరిగి వచ్చింది. ఇప్పుడు మళ్ళీ కాలేజీకి.

"హీటర్ తగ్గించనా?"

"వద్దు."

"చలేస్తోందా?"

"లేదు."

"మరి?"

"ఎలా ఉన్నా ఫరవాలేదు నాన్నా."

"కొండ మీద పాస్ దగ్గర మంచు పడుతోందట. టైర్లకి వేసే చెయిన్స్ ట్రంక్‌లో పెట్టాను. అమ్మ పులిహోర కట్టింది, ఎలెన్స్‌బర్గ్‌లో ఆగి తిందాం."

"సరే."

"మూడు వారాల నుంచీ ఇవే. సరే, లేదు, ఫరవాలేదు. అమ్మ భయపడుతోంది తెలుసా?"

"నేను బానే ఉన్నాను."

"తాతయ్య పోయారని ఎయిర్‌పోర్ట్ పార్కింగ్‌లో చెప్పాను కదా. నువ్వేమన్నావో గుర్తుందా?"

"ఏమన్నాను?"

"కార్ ఏ లెవెల్‌లో పెట్టావు అన్నావు."

"లగేజ్ బరువుగా ఉంది."

"అది కాదమ్మా. ఏడుస్తావనుకున్నాం. అరుస్తావనుకున్నాం. ఇన్నాళ్ళు ఎందుకు దాచారని అడుగుతావనుకున్నాం. అమ్మ టిష్యూల డబ్బా కూడా పట్టుకొచ్చింది కార్‌లోకి."

"చూశాను."

"మరి ఒక్క మాటైనా..."

"ఏం అనిపించట్లేదు నాన్నా. ట్రై చేశాను. తాతయ్య రూమ్‌లోకి వెళ్ళి కూర్చున్నాను. ఆయన స్వెటర్ వాసన చూశాను. జండూబామ్ వాసన వచ్చింది, అంతే. ఐదు నిమిషాలు కూర్చుని కిందికొచ్చేశాను. ఆకలేసింది."

"అవును, ఆ రోజు రెండుసార్లు పెరుగన్నం తిన్నావు. అమ్మ చెప్పింది."

"అమ్మ అది కూడా చెప్పిందా?"

"అన్నీ చెప్తుంది. నీ మీద దిగులుతో."

"సరే."

"అక్కడ మాత్రం ఏడ్చావు. ఫోటో పెట్టావు కదా ఫ్యామిలీ గ్రూప్‌లో. నువ్వున్న ఇంటావిడ, పేరేంటి..."

"ఎఫువా ఆంటీ."

"ఆవిడ వాళ్ళమ్మ పోతే, ఎర్రబట్టా నల్లబట్టా కట్టుకుని, కళ్ళు ఉబ్బిపోయి ఉన్నావు. ఆ ముసలావిడ నీకు నెల రోజుల పరిచయం."

"అక్కడ అందరూ ఏడుస్తున్నారు. నాకూ వచ్చింది."

"ఇక్కడ రాలేదు."

"అక్కడ టైమ్ ఇస్తారు నాన్నా. ఆవిడ సెప్టెంబర్‌లో పోయింది. కొడుకు లండన్‌లో ఉంటాడు. అతనికి లీవ్ దొరికేదాకా ఐదు వారాలు ఆగారు. మార్చురీలో పెట్టి. రావాల్సినవాళ్ళందరూ వచ్చాకే పాతిపెడతారు. ఊళ్ళో గోడల మీద ఆవిడ ఫోటోతో పోస్టర్లు. బ్రెడ్ కొట్టు దగ్గర ఒకటి, టాక్సీ స్టాండ్ దగ్గర ఒకటి. ఎవరికీ తెలియకుండా పోవడం అనేది ఉండదు అక్కడ."

"ఈ ట్రక్కువాడు చూడు, సిగ్నల్ కూడా ఇవ్వకుండా ఎలా వచ్చేశాడో."

"ఇచ్చాడు నాన్నా."

"ఇచ్చాడా?"

"ఇచ్చాడు."

"అక్కడ ఇంకేం చేసేదానివి? క్లాసులు కాకుండా."

"చెప్పాను కదా ఫోన్‌లో."

"మళ్ళీ చెప్పు. నిద్ర రాకుండా ఉంటుంది నాకు."

"పొద్దున్నే బీచ్‌కి వెళ్ళేదాన్ని. పడవలు వచ్చే టైమ్‌కి. స్కేలు, నోట్‌బుక్ పట్టుకుని. ఒక్కో బుట్టలోంచి ముప్పై చేపలు తీసి కొలిచి రాసుకోవాలి. చిన్నచిన్నవే వస్తున్నాయి. పెద్దవి లేవు. తర్వాత వాటిని పొగబెట్టే ఆడవాళ్ళ దగ్గర కూర్చునేదాన్ని. మట్టి పొయ్యిలు, పైన జల్లెళ్ళు. కళ్ళు మండిపోయేవి. వాళ్ళకి ఏ నెలలో ఏ చేప తగ్గిందో ఇరవై ఏళ్ళ లెక్క నోటికొచ్చు. మా ప్రొఫెసర్ దగ్గర కూడా అంత డేటా లేదు."

"తిన్నావా?"

"ఏంటి?"

"చేపలు."

"తిన్నాను."

"అమ్మకి చెప్పకు."

"చెప్పను."

"ఎలా ఉంది?"

"ఉప్పగా ఉంది. బాగుంది."

"నేను కూడా ఒకసారి తిన్నాను. డెన్వర్‌లో, క్లయింట్ డిన్నర్‌కెళ్ళినప్పుడు. అమ్మకి చెప్పలేదు."

"సరే, నేనూ చెప్పను."

"మళ్ళీ సరే."

"నాన్నా, సోమవారం నాకు అడ్వైజర్‌తో మీటింగ్ ఉంది."

"దేనికి?"

"ఫారం ఇవ్వాలి. మేజర్ మార్చుకుంటున్నాను. బయాలజీ నుంచి ఫిషరీస్‌కి. ప్రీ-మెడ్ వదిలేస్తున్నాను."

"అది... అది మనం కూర్చుని మాట్లాడుకోవాలి కృతీ. ఇలా కార్‌లో కాదు. అమ్మ కూడా ఉండాలి. రెండేళ్ళు చదివావు. మెడిసిన్ ఎంట్రన్స్‌కి ఎంక్యాట్ బుక్స్ అన్నీ కొన్నాం. ఒక సెమిస్టర్ ఎక్కడో తిరిగొచ్చి..."

"తాతయ్య ఒప్పుకున్నారు."

"తెలుసు. కానీ ఆయన పెద్దాయన, మనవరాలు అడిగితే..."

"నీకెలా తెలుసు?"

"నువ్వే చెప్పావుగా."

"నేను చెప్పలేదు."

"అమ్మ చెప్పింది."

"అమ్మకీ చెప్పలేదు నాన్నా. తాతయ్యకి మాత్రమే వాట్సాప్‌లో రాశాను."

"ఆయన చెప్పి ఉంటారు. పోయే ముందు."

"ఏమని చెప్పారు?"

"కృతి చేపలు చదువుతానంటోంది అని."

"ఇంకా?"

"అంతే. ఎగ్జిట్ దాటిపోయామా?"

"ఎలెన్స్‌బర్గ్ ఇంకా గంట ఉంది. ఆయన నాకేం రాశారో చదవనా? ఫోన్‌లో ఉంది."

"వద్దు."

"చిన్నదే. 'చేపలైతే ఏమిటి, నీ మనసు అక్కడుంటే అదే నీ చదువు. మీ నాన్నకి బాపట్ల అగ్రికల్చర్‌లో సీటొస్తే నేనే పోనివ్వలేదు. బలవంతాన కంప్యూటర్లు చదివించాను. అది నా తప్పు. నీ విషయంలో ఆ తప్పు జరగనివ్వను. నాన్నకి నేను చెప్తాను.'"

"వద్దన్నాను కదా."

"నీకు బాపట్లలో సీటొచ్చిందని నాకసలు తెలీదు. నిజమేనా?"

"నిజమే."

"తాతయ్య నీకెప్పుడైనా సారీ చెప్పారా దాని గురించి?"

"లేదు. ముప్పై ఏళ్ళల్లో ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు."

"నాకు మాత్రం రాశారు."

"కృతీ."

"ఊఁ."

"రెస్ట్ ఏరియా వస్తోంది. ఒక నిమిషం ఆపుతాను."

"ఎందుకు?"

"ఆపుతాను. డ్రైవ్ చేస్తూ చెప్పలేను."

"సరే."

"మీ తాతయ్య నవంబర్ ఆఖర్లో, థాంక్స్‌గివింగ్ వారంలో పోయారని చెప్పాను కదా. అప్పుడు కాదు."

"మరి?"

"అక్టోబర్ ఇరవై. ఆదివారం. పొద్దున కాఫీకి దిగిరాలేదు. వెళ్ళి చూస్తే నిద్రలోనే. చల్లగా ఉన్నారు. మూడోరోజు దహనం చేసేశాం. గుడి నుంచి పంతులుగారొచ్చారు. ఇంట్లో పదమూడు రోజులూ అన్నీ చేశాను. నీకు పరీక్షలయ్యాక చెబుదామంది అమ్మ. నేనూ సరే అన్నాను. మన ఇళ్ళల్లో అంతేగా. మా అమ్మమ్మ పోతే నాకు ఇంటర్ పరీక్షలయ్యాకే చెప్పారు. ఆఖరి పేపర్ రాసి ఇంటికొస్తే ఫోటోకి దండ వేసుంది."

"అప్పుడు నీకెలా అనిపించింది?"

"కోపమొచ్చింది. రెండు రోజులు అన్నం తినలేదు."

"మరి నాకెందుకలా చేశావు?"

"ఏమో. వేరే పద్ధతి తెలీదు."

"థాంక్స్‌గివింగ్ అని ఎందుకు చెప్పావు?"

"ఆ వారంలోనే ఆపేశాను."

"ఏం ఆపేశావు?"

"మెసేజ్‌లు. ఆయన ఫోన్‌కి పాస్‌కోడ్ లేదు కదా. పోయిన మర్నాడు పొద్దున ఐదింటికి టింగుమంది. ఆయన ఫ్రెండ్ కేశవరావు గారి వాకింగ్ గ్రూప్ నుంచి, గులాబీ పువ్వు బొమ్మ. గుడ్ మార్నింగ్. తాతయ్య రోజూ నీకు ఫార్వర్డ్ చేసేవారు కదా అలాంటివి. ఆగిపోతే నీకు అనుమానమొస్తుందని నేను చేశాను. ఒక్కరోజే అనుకున్నాను. నువ్వు వెంటనే 'గుడ్ ఆఫ్టర్‌నూన్ తాతయ్యా, మాకు లంచ్ అయింది' అని పెట్టావు. ఆ రోజంతటికీ నాకు బాగున్నది అదొక్కటే."

"తర్వాత రోజూ పెట్టావు."

"రోజూ. దహనం రోజు కూడా. ఫ్యూనరల్ హోమ్ పార్కింగ్‌లో కూర్చుని పెట్టాను."

"వీడియో కాల్ చేస్తానంటే హియరింగ్ ఎయిడ్ రిపేర్‌లో ఉంది అన్నది?"

"నేనే."

"గొంతు బాలేదు, టైపే చేస్తాను అన్నది?"

"నేనే. అమ్మ తిట్టింది. ఇది పాపం ఫణీ, ఆపెయ్ అంది. ఆపలేకపోయాను. నువ్వు ఆయనకి అన్నీ రాస్తున్నావు. మలేరియా వచ్చి నాలుగు రోజులు క్లినిక్‌లో ఉన్నావని నాకు చెప్పలేదు, ఆయనకి రాశావు. రాత్రిళ్ళు కరెంట్ పోతే భయమేస్తోందని రాశావు. నాతో ఫోన్‌లో అంతా ఫైన్ నాన్నా అనేదానివి. నేను ఈ ఫోన్‌లో ఫైన్ విని, ఆ ఫోన్ తీసుకుని అసలు సంగతి చదువుకునేవాణ్ణి."

"ఓఆర్‌ఎస్ తాగు తల్లీ, అని రాసింది నువ్వేనన్నమాట."

"నేనే."

"చేపల సంగతి కూడా."

"అదీ నేనే. అందుకే ఆపాను కార్. ఆ సారీ తాతయ్య చెప్పింది కాదు. నాకు నేనే రాసుకున్నాను. రాసేదాకా అది నాకు కావాలని కూడా నాకు తెలీదు."

"ఊఁ."

"తిట్టు కృతీ."

"తిట్టాలని లేదు."

"ఏదో ఒకటి అను. నాకూ నీలాగే ఉంది. పదమూడు రోజులు పిండాలు పెట్టాను, ఒక్క చుక్క రాలేదు. పంతులుగారు దర్భ తీసుకోమంటే తీసుకున్నాను, నువ్వులు వదలమంటే వదిలాను. ఆఫీసులో రోజూ ఉండే స్టాండప్ మీటింగ్‌లో ఉన్నట్టే ఉంది. ఇప్పటికీ అంతే. కానీ ఒకటి విను. నువ్వు ఆ ఫారం సోమవారం ఇవ్వకూడదు."

"ఎందుకు?"

"ఎందుకేంటి? తాతయ్య ఒప్పుకోలేదు కాబట్టి. ఆయనకసలు తెలియనే తెలీదు. ఆయనుంటే ఒప్పుకునేవారు కాదు. ఈ దక్షిణామూర్తి మనవరాలు చేపలు కొలవడమేంటని నెల రోజులు మాట్లాడేవారు కాదు. పోయినాయన చెప్పిన ఆఖరి మాట అనుకుని నువ్వు చదువు మార్చుకుంటే, ఆ అబద్ధం నాది. నీ జీవితం నా అబద్ధం మీద నడవడం నేను భరించలేను. అది కొట్టెయ్. ఆయన ఏం చెప్పలేదనుకో. మళ్ళీ మొదటి నుంచి ఆలోచిద్దాం. నువ్వూ నేనూ అమ్మా."

"నాన్నా, ఒకటి అడగనా?"

"అడుగు."

"ఆ రోజు ఆ మెసేజ్ రాస్తున్నప్పుడు, నువ్వు అనుకున్నదే రాశావా? లేక తాతయ్య అయితే ఏం రాస్తారని ఆలోచించి రాశావా?"

"ఆయనలా ఆలోచిస్తే వద్దనే రాయాలి కదా."

"అంటే నువ్వు అనుకున్నదే."

"ఆ నిమిషానికి అంతే. ఆ ఫోన్ చేతిలో ఉంటే అలా వచ్చేసింది. అదే నాకు ఫోన్ చేసి అడిగుంటే వద్దనేవాణ్ణి."

"తెలుసు."

"ఏం తెలుసు?"

"నువ్వు వద్దంటావని. అందుకే నీకు ఫోన్ చేయలేదు."

"అందుకే తాతయ్యకి రాశావు. అదే నేనూ చెప్తున్నది."

"ఆద్య నాకు మెసేజ్ పెట్టింది నాన్నా. కేశవరావు గారి మనవరాలు. మీ తాతయ్య గురించి ఇప్పుడే తెలిసింది, ఐయామ్ సో సారీ, అని."

"ఆద్యకి చెప్పొద్దని కేశవరావు గారికి మరీ మరీ చెప్పాను. ఎప్పుడు పెట్టింది?"

"అక్టోబర్ ఇరవై రెండున."

"ఇరవై రెండా? కృతీ, నువ్వు చేపల గురించి రాసింది నవంబర్‌లో."

"పదమూడో తారీఖున."

"అప్పటికి నీకు..."

"నిన్నే అడిగాను నాన్నా. నువ్వు ఒప్పుకున్నావు."