అడుగు తప్పిన పాట

ఇది మా ఊరికి రెండో వరద వచ్చిన ఏడు జరిగింది. నేను ఒకప్పుడు డ్రమ్ము వాయించిన పటాలం కవాతు పాటను తన జాజ్ బృందం కోసం మారుస్తూ, మా మేనల్లుడు ట్రంపెట్ మీద తాళంలో నాలుగో దెబ్బను కావాలని ఆలస్యం చేశాడు. నేను డ్రమ్ము పుల్లతో వాడి మూతి మీద కొట్టాను. పెదవి చిట్లింది.

"పిచ్చా మామయ్యా నీకు? పెదవి పోయాక నేను ఊదేదేమిటి, పొయ్యా?"

"దెబ్బ మీదే అడుగు పడాలిరా."

"ఇది కవాతు కాదు. మా జాజ్‌లో అడుగు తప్పితేనే అందం."

"మీ నాన్నకూ తప్పింది."

"ఏమిటీ?"

"కాలికి పుండు లేచింది. నాలుగో దెబ్బకు వెనకబడ్డాడు. కెప్టెన్ తుపాకీ మడమతో కొట్టాడు. కింద పడ్డాక కూడా తల పగిలేదాకా కొట్టాడు."

"జ్వరంతో పోయాడన్నావు కదా!"

"అన్నాను."

"అప్పుడు నువ్వేం చేస్తున్నావు?"

"డ్రమ్ము వాయిస్తున్నాను. ఆపలేదు."

వాడు నెత్తురు ఉమ్మి, ట్రంపెట్ తుడుచుకున్నాడు.

"ఎల్లుండి కచేరీలో ఆ దెబ్బ ఆలస్యంగానే పడుతుంది. నన్ను చంపినా సరే. మరి అమ్మకెవరు చెప్తారు? నువ్వా, నేనా?"

మరునాడు పొద్దున్నే మా చెల్లెలి ఇంటికి వెళ్లాను. కుర్చీ వేసింది. కూర్చోకుండానే చెప్పాను.