క్యాంపుకు పోయొచ్చిన అవ్వ

"మబ్బమ్మా మబ్బమ్మా యాడికి పోతాండావే,
పుంగనూరు దావనా నీళ్లు మోసుకోని..."

ఆపైన ఏముందో గుర్తు రాదమ్మా అశ్వినీ. శెనక్కాయ సేన్లో కలుపు తీస్తా పాడుకునేటోళ్లం, చిన్నప్పుడు. ఓటు అయ్యేదాకా మా మెంబర్లను దాచిపెట్టేదానికి క్యాంపుకని వ్యాన్లో తీస్కపోయినారే, కుప్పం దాటినాక ఆడోళ్లు "ఏదన్నా పాడు తిమ్మక్కా" అంటే ఇంతే వచ్చింది.

మొగం అట్ల తిప్పుకుంటావేమ్మా? లోపలికి రమ్మనకపోయినా ఫర్వాలేదు. ఈడ మెట్టు మింద కూసుంటా.

గవర్నమెంటు మారింది ఆడెక్కడో. దానికి మన మండలంలో అధ్యక్షురాలివి, నిన్ను యాల తీసేయాల? నా కొడుకు వెంకటేశులు కండువా మార్చేసినాడు. నన్ను అడిగినాడా? సీటు ఆడోళ్లకొచ్చిందని నన్ను ఎంపీటీసీకి నిలబెట్టింది వాడే, గెలిస్తే మీటింగులో నా కుర్చీలో కూసునిందీ వాడే. నువ్వొచ్చినాక కదా, "కొడుకులూ మొగుళ్లూ బయట టీ తాగిరాండప్పా" అని తలుపేయించింది. తీర్మానాలు ఒక్కొక్కటే చదివి వినిపిస్తివి. రాత్రి బడిలో ముసిలితనంలో నేర్చిన నా నాలుగక్షరాలకి ఆడ పని దొరికింది. మా వీధికి బోరు నేనే అడిగినా, నా నోటితో.

వాళ్ల కడుపుమంట అదేనమ్మా. పైకి పార్టీ అంటారు.

క్యాంపులో దోసెలు బాగానే పెట్టినారు. ఫోన్లు లాక్కున్నారు. హాల్లో కూసోబెట్టి చెయ్యెత్తేది నేర్పించినారు, బడి పిలకాయలకు మాదిరి. "నేను చెప్పేదాకా దించొద్దుమా" అన్నాడు మావోడు. నేనెత్తనురా, ఆ పిల్ల మనకేం చేసింది అన్నా. "అయితే నా ఇంటికి రాబాక" అనేసినాడు. ఈ వయసులో యాడికి పోయేది, చెప్పు?

ఓటు పొద్దు మండలాఫీసులో ఆర్డీఓ సారు, అవిశ్వాసానికి ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి అన్నాడు. ఎత్తకూడదనే కూసున్నా. కిటికీ అవతల వాడు నిలబడుకోని నన్నే సూస్తాండాడు.

ఎత్తేసినానమ్మా.

లెక్కపెట్టినారు, రాసుకున్నారు. అందరూ దించేసినారు. వాడేమో నాకు చెప్పకనే ఫోన్లో మాట్లాడుకుంటా యాడికో పోయినాడు. నేను చెయ్యి అట్లే పెట్టుకోనుండా. మొగోళ్లు నవ్వుతాండారు. అప్పుడు నువ్వే లేచి నా పక్కకొచ్చి, భుజం మింద చెయ్యేసి ఒక మాటన్నావు.

"అయిపోయింది లే అవ్వా. చెయ్యి దించు."