వాగు దాటినంక వచ్చే వాసన

"అమ్మమ్మా, నేను కారెక్కబోయే ముందు నువ్వు వెనక్కి పోయి డిక్కీ కింద వంగి చూస్తవెందుకు?"

నవ్వుతున్నవా? నవ్వు, నవ్వు. మీ తాత గూడ గట్లనే నవ్వేటోడు. చీకటి పడకముందే కొత్తగూడెం దాటాలె నువ్వు, గుర్తుందా? సరే కూర్చో, జల్దీ చెప్త. ఉండు, పొయ్యి మీద పాలున్నయి, దించి వస్త.

ఆఁ. మాకూ ఓ కారుండె, అంబాసిడరు. తెల్లది. తెల్లదంటే తెల్లది గాదు, మీగడ రంగనుకో. ఎనభైలల్ల మాట. మీ అమ్మ ఎనిమిదో తరగతి, మీ మామ అయిదు... కాదు కాదు, ఆరు. మేం బోనకల్ దిక్కునుంచి వచ్చి ఈ అశ్వారావుపేట అవతల, అడవి అంచున భూమి కొనుక్కుంటిమి. మిరప ఏసేటోళ్లం. మా అక్కచెల్లెండ్లు, మా అమ్మ, అందరు అటే. ఇక్కడ నాకు నా అన్నోళ్లు ఒక్కరు లేరు. ఊళ్లె బడి ఉండె గని, వానాకాలమొస్తే సార్లు వాగు దాటి వచ్చేటోళ్లు గాదు. మా ఊరికీ తారు రోడ్డుకీ నడుమ వాగు, దాని మీద వంతెన లేకుండె. అందుకని పిల్లలిద్దర్ని ఖమ్మంల హాస్టల్ల ఏసినం.

ఏసినమంటే ఏసినం గని, నాకు ఇంట్ల కాలు నిలిచేది గాదు. తిన్నరో లేదో, జ్వరమొస్తే దవాఖానకు ఎవరు తీస్కపోతరో. వార్డెనమ్మకు వారానికో ఉత్తరం రాసేదాన్ని, పిల్లకు తలకు నూనె పెట్టిస్తున్నరా అని. ఆమెకు విసుగొచ్చి జవాబులు మానేసింది. మీ తాత నా పోరు పడలేక ఆ కారు కొన్నడు. శనివారం పోయి తెచ్చుడు, సోమవారం తెల్లారంగ తీస్కపోయి దింపుడు. పెట్రోలు లీటరు ఆరు రూపాయలో ఏడో ఉండె, అదే పెద్ద ఖర్చని ఊరంత మమ్మల్ని ఆడిపోసుకునేది. "కారుల పోయి అఆలు దిద్దుతరంట" అని. అననియ్యి. వారం వారం నా పిల్లలు నా కంచంల తినేటోళ్లు గదా.

కారు కొన్నది పాల్వంచల ఓ షావుకారు కాడ. తపసి బంక యాపారం ఆయనది. తపసి చెట్టుకు గాటు పెడితే కారుద్ది చూడు, ఆ బంక. అడవిల ఊళ్లోళ్లు ఏరుకొచ్చి అమ్మేటోళ్లు, ఈయన ఆ మూటలు ఈ కారులనే ఏసుకొచ్చి ఎక్కడెక్కడికో పంపేటోడు. డిక్కీ తీస్తే పుల్ల పుల్లగ ఒకటే వాసన. నేను సున్నం ఏసి కడిగించిన, సాంబ్రాణి పొగేసిన, పోలే.

అవ్, ఆ వాసనే నన్ను ఆగం చేసింది. ఎందుకంటే, ఆ పులుపు వాసన కింద ఇంకో వాసన ఉండె. పెట్రోలు. ఒకనాడు ఉండుద్ది, ఒకనాడు ఉండదు. నేను ఆ మాటంటే మీ తాత "బంక వాసనే గదే, నీకంత అనుమానమే" అనేటోడు. ఆయన ముక్కుకు ఏం తెలుసుద్ది చెప్పు, సిగరెట్టు మీద సిగరెట్టు తాగే మనిషి. కారు నడుపుతగూడ తాగేటోడు! పిల్లలేమో వెనక సీట్ల పండుకునేటోళ్లు. ఆ సీటెనక డిక్కీ, దాని కిందనే పెట్రోలు ట్యాంకు. నా పానం ఎట్లుండాలె?

పోరంగ పోరంగ కొత్తగూడెంల మెకానిక్కు కాడికి తీస్కపోయిండు. సోమవారం పిల్లలను దింపి వచ్చేటప్పుడు. ఆ పిల్లగాడు మంచోడే, పైపు చూసిండు, పంపు చూసిండు, కార్బరేటర్ విప్పి ఊది మళ్లీ పెట్టిండు. "ఎక్కడ కారుడు లేదు, చుక్క గూడ లేదు" అన్నడంట. నేను నమ్మలే. మళ్లీ పంపిన. పైపు పాతదని కొత్తది ఏసిండు. తరవాత శనివారం వచ్చినంక చూస్తే మళ్లీ వాసన. మూడోసారి, ఎండలు మొదలైనంక, నేను గూడ ఎక్కి పోయిన. "అక్కా, నీ తృప్తి కోసం ఇంజన్ దించమంటే దించుత గని, కారుడు మాత్రం లేదు" అన్నడు. మీ తాత ఇంటికొచ్చేదాక నవ్వుతనే ఉన్నడు.

కారు మానేద్దాం అనొచ్చు గదా అంటవు. అంటే పిల్లలెట్ల వస్తరు? అప్పుడు బస్సులు గిట్ల లేవు బిడ్డా. రెండు బస్సులు మారాలె, అవీ వచ్చినప్పుడే వచ్చినట్టు. ఆడపిల్లను, చిన్న పిల్లగాణ్ణి ఒంటిగ పంపే ధైర్యం నాకు లేకపాయె. కారు ఆపితే పండుగలకే పిల్లల మొఖం చూసుడు. ఆపకుంటే ఏందో ఒకనాడు... ఛీ, ఆ మాట ఎందుకులే. సోమవారం కారు వాగుల దిగి అవతలి గడ్డెక్కేదాక నిలబడేదాన్ని, ఇగ పొద్దుగూకి ఆయన ఒక్కడే తిరిగొచ్చేదాక పొయ్యి ముట్టిస్తే ఒట్టు.

ఏం చేసిన్నంటే, కారు నిలబెట్టే కాడ బూడిద చల్లిన. చుక్క పడితే తెలుసుద్ది గదా అని. ఎండకాలమంత బూడిద బూడిద లెక్కనే ఉంది. వాసన గూడ లేదు. నాకే సిగ్గయింది, ఉత్తపుణ్యానికి అందర్ని పీక్కతిన్ననని. వానలు పడ్డయి. వాగుకు నీళ్లొచ్చినయి, మనిషి మోకాలు దాక, కారుకైతే వెనక అడుగుభాగం మునిగేదాక. శనివారం కారు వాగు దాటి వచ్చింది, మళ్లీ వాసన. పొద్దటికి లేదు. సరే, ఆదివారం జీతగాడు బాయికాడ కారు కడిగిండు. కడిగిన జరసేపటికి మళ్లీ వాసన.

అప్పుడు తట్టింది నాకు. నీళ్లు తగిలితేనే వస్తుంది అని. మీ తాతకు చెప్తే ఏమన్నడు తెలుసా? "నీళ్లకూ పెట్రోలుకూ ఏం సంబంధమే, కారుకేమన్న జలుబు చేసిందా?" అన్నడు. నాకు ఒళ్లు మండింది. బిందె పట్టుకొని బాయికాడికి పోయిన. తోడుడు, డిక్కీ కింద కొట్టుడు. మీ అమ్మ ఉరికొచ్చి నా చెయ్యి పట్టుకుంది, "వద్దమ్మా, కారు ఖరాబయితది, వద్దు" అని. నేను ఇనలే. పక్క చేన్ల కూలోళ్లు పని ఇడిసిపెట్టి నిలబడ్డరు, "అమ్మగారు కారుకు తలంటు పోస్తుంది" అని ఒకటే నవ్వు. పోసి పోసి రెక్కలు పడిపోయి, మెట్టు మీద కూర్చున్న.

జరసేపు ఏం లేదు. నీళ్లన్ని కారి ఆగిపోయినయి. నేల గూడ ఆరుకొస్తుంది. అప్పుడు టప్పున ఒక చుక్క. ఇంకోటి. మీ తాత వచ్చి వంగిండు, నోట్ల సిగరెట్టు ఉన్నది. "ఏందండీ అది, అవతల పారెయ్యండి" అని అరిచిన. పారేసిండు. చెయ్యి పెట్టి తడిమితే ట్యాంకు అడుగున మెత్తగ, ముద్దోలె ఏందో తగిలింది. గిల్లి తీసిండు. వాసన చూసిండు. బంక!

ఆ షావుకారు డ్రైవరు ఎప్పుడో ట్యాంకుకు చిల్లి పడితే, గోదాముల చేతికందిన బంకతోని పూడ్చిండు బిడ్డా. పెట్రోలు ఆ బంకను ఏం చెయ్యలేదు, అందుకని రాయోలె పట్టుకొని ఉండె. నీళ్లు తగిలితే మాత్రం ఉబ్బి మెత్తబడుద్ది, కారుద్ది. ఎండితే మళ్లీ గట్టిబడి మూసుకుంటది. సోమవారం వాగు దాటుడు మొదలే గదా, అక్కడ తడిసి ఖమ్మం దాక దారిపొడుగునా కారేది. దింపి వచ్చి మెకానిక్కు కాడికి పోయేసరికి ఎండి మూసుకునేది. పాపం ఆ పిల్లగానికి ఎట్ల దొరుకుద్ది?

మీ తాత ఆ ముద్ద చేతిల పట్టుకొని అట్లనే కూలబడ్డడు. ఎప్పుడూ నవ్వే మనిషి.

అయితే చెప్పాల్సింది అది గాదు.

సోమవారం మీ తాత పిల్లలను బస్సుల తీస్కపోయి దింపిండు, ట్యాంకు విప్పి వెల్డింగుకు పంపినం. వచ్చేసరికి నెల పట్టింది. ఆ శనివారం పిల్లలను తెచ్చే దారి లేక, నేనే జంతికలు మూట గట్టుకొని బస్సెక్కిన. మీ అమ్మ హాస్టలు అరుగు మీద కూర్చొని తింటున్నది. నేను మళ్లీ ఆ బంక సంగతే తీసి, "మీకు ఏ వాసనా రాకపోయె, పిల్లలు గదా" అన్న. మీ అమ్మ తినుడు ఆపింది. తలకాయ దించుకొని, "వచ్చేదమ్మా, సోమవారం సోమవారం వచ్చేది. తమ్మునికి వాంతి గూడ అయ్యేది. కిటికీ అద్దం దించుకునేటోళ్లం. నాన్న సిగరెట్టు తీస్తే, ఎట్లనో మాటల్ల పెట్టి ముట్టియ్యకుండ చేసేదాన్ని" అన్నది.

"మరి చెప్పలేదేమే?" అన్న.

"చెప్తే నువ్వు కారు ఆపేస్తవు గదా. ఇంటికి రానియ్యవు" అన్నది.

పన్నెండు, పదమూడేండ్ల పిల్ల. నేను ఇక్కడ గడ్డ మీద నిలబడి దేవుళ్లకు మొక్కుతుంటే, అది ఆ వెనక సీట్ల తమ్ముణ్ణి పట్టుకొని, తండ్రిని మాటల్ల పెట్టుకుంట... నేను కొట్టాల్నా, దగ్గరికి తీసుకోవాల్నా? ఏం జేసిన్నో గుర్తు లేదు. ఒకటి మాత్రం చెప్పిన. "చెప్తే ఆగేది కారే బిడ్డా, నేను ఆగుతనా? నడిచైనా వస్త" అని. వచ్చిన గూడ. కారు బాగయ్యేదాక ప్రతి శనివారం పోయిన, ఆ మూట పట్టుకొని. ఒకసారి బస్సు జూలూరుపాడు కాడ చెడిపోతే ఎరువుల లారీ ఎక్కి పోయిన, తెలుసా? ఒళ్లంత ఒకటే దురద...

ఏందీ, టైమయిందా? అవ్, అవ్, లే. ఇగో, ఈ జంతికల డబ్బా సీట్ల పెట్టుకో, కింద పెట్టకు. నువ్వు గూడ అక్కడ హైదరాబాదుల ఏమున్నా మీ అమ్మకు చెప్పవు, భయపడుద్ది అని. నాకు తెలుసు. భయపడనియ్యి బిడ్డా, మాకు అలవాటే. నువ్వు చెప్పు. చల్లగుండు, నూరేండ్లుండు... ఫోను ఛార్జింగు ఉన్నదా? కొత్తగూడెం దాటినంక ఒకసారి... అట్లనే జూలూరుపాడు కాడ ఇంకోసారి...