ఉమ్మడి గోడ

ఫీనిక్స్ శివారులో తెలుగు చర్చి. ఆదివారం ఆరాధన అయ్యి అందరూ పక్క హాల్లో భోజనాలకు కూర్చున్నారు. సంఘంవాళ్ళు ఎడారిలో కలిసి కట్టుకోబోయే ఇళ్ళ ప్లాను ఇవతల చిన్న గదిలో బల్ల మీద పరిచి ఉంది. దాన్ని గీసిన క్రిస్టినాకు ఆకలి చచ్చిపోయింది. ఎదురుగా సంఘపెద్ద దైవాశీర్వాదం, పక్కన ఆయన భార్య విమలకుమారి.

“గోడకి గోడ అంటించి ఇళ్ళేంటమ్మా క్రిస్టినా? మేమేమన్నా కోళ్ళమా, గంపలో మూయడానికి?”

“అంకుల్, మళ్ళీ చెప్తున్నా. ఇక్కడ ఎండాకాలం నూటపదిహేను డిగ్రీలు, ఇండియా లెక్కలో నలభై ఆరు. రెండిళ్ళ గోడ కలిస్తే దాని మీద ఎండే పడదు. వీధి ఇరుగ్గా ఉంటే నడిచేవాళ్ళకి నీడ. ఏసీ సగం కూడా తిరగక్కర్లేదు.”

“నా ఏసీ బిల్లు నేను కట్టుకుంటా. నీకెందుకు?”

“బిల్లు మీదే. మీ ఏసీ బయటికి ఊదే వేడి ఎవరిది? పక్కింటి పిల్లలదా?”

“చూశావా విమలా, ఆ నోరు! నాలుగు గీతలు గీయడం వచ్చేసరికి పెద్దవాళ్ళు కనపడట్లేదు!”

“మెల్లగా అండీ. హాల్లోకి వినిపిస్తుంది.”

“మామూలుగానే మాట్లాడుతున్నా. నువ్వెళ్ళి భోంచెయ్యి.”

“ఆకలి లేదండీ.”

“సరే, ఉండు. క్రిస్టినా, ఇంటికీ ఇంటికీ మధ్య ఇరవై అడుగులు వదులు. ముందు లాన్ వెయ్యి.”

“ఎడారిలో లాన్! స్నానాల నీళ్ళు పట్టి చెట్లు బతికించుకుందామని నేను లెక్కలేస్తుంటే...”

“లాన్ వద్దులే, పో. ఖాళీ మాత్రం వదలాల్సిందే.”

“అయితే గొడవ లాన్ గురించి కాదన్నమాట.”

“గొడవేంటి? ఇండిపెండెంట్ హౌస్ అంటే ఇండిపెండెంట్‌గా ఉండాలి. అంతే.”

“పొరుగువాణ్ణి ప్రేమించాలని పొద్దున వాక్యం చెప్పింది మీరే కదా అంకుల్?”

“ప్రేమించమన్నా. వాడి చెవి తెచ్చి నా గోడకి ఆనించమన్నానా?”

“అడుగు మందం గోడ. మామూలుగా మాట్లాడితే ఒక్క ముక్క వినపడదు. గట్టిగా అరిస్తే తప్ప.”

“ఇదివరకు మేమున్న జెర్సీ సిటీ అపార్ట్‌మెంట్‌లోనూ ఇదే చెప్పారు. పక్కవాడు ఊరికే గోడ బాదేవాడు. ఒకసారి పోలీసుల్ని కూడా పిలిచాడు, దరిద్రుడు.”

“పోలీసులా? దేనికి?”

“దేనికేంటి? టీవీ సౌండ్‌కి.”

“అప్పుడు మనకి టీవీ లేదు కదండీ.”

“విమలా.”

“ఏదో... గుర్తొచ్చి అన్నా.”

“నువ్వెళ్ళి కార్‌లో కూర్చో.”

“కార్ కాలిపోతూ ఉంటుందండీ.”

“ఆంటీ, ఎక్కడికీ వద్దు. ఇక్కడే కూర్చోండి.”

“మా ఇంటి సంగతి నీకెందుకమ్మా? నీది నువ్వు తేల్చు. గోడలు విడదీస్తావా, ప్లాను మొత్తం ఆపించమంటావా? నేను కాదంటే ఒక్క కుటుంబం సంతకం పెట్టదు. తెలుసుగా?”

“రెండేళ్ళ నుంచి దీని మీదే ఉన్నా అంకుల్.”

“అందుకే ఆలోచించుకోమంటున్నా.”

“సరే. ఇదిగో, పార్కింగ్ అవతల ఈ మూల ఖాళీగా ఉంది. మీ ఒక్కరికీ ఇక్కడ విడిగా గీస్తా. మిగతా వరస జోలికి రాకండి. నాలుగు వైపులా ఎండ కొడుతుంది, ముందే చెప్తున్నా.”

“కొట్టనీ. ఎవరి గోడా తగలదుగా?”

“తగలదు.”

“దగ్గర్లో ఎవరూ ఉండరుగా?”

“ఎవరూ ఉండరు.”

“అదీ! మొదట్లోనే ఈ పని చేస్తే ఇంత రభస ఉండేదా? రాసెయ్యి. దైవాశీర్వాదం, విమలకుమారి.”

“అక్కడ ఆయన పేరొక్కటే రాయమ్మా.”

“ఏంటే? ఏం మాట్లాడుతున్నావు?”

“ప్రార్థన చేసుకునే మాట్లాడుతున్నానండీ. నర్సు ఉద్యోగం చేస్తున్నా, లోన్ నాకూ ఇస్తారు. క్రిస్టినా, నాకు వరస మధ్యలో ఇల్లు రాయి. రెండు పక్కలా గోడ కలిసేది.”