బ్యాడ్జీ మొక్కు

చోడవరంలో ఓ ప్రైవేటు ఆసుపత్రి. అక్కడ ఎక్స్‌రే టెక్నీషియన్‌గా పనిచేసే కొడుక్కి మధ్యాహ్నం క్యారేజీ తెచ్చిన తల్లి, వరండా బెంచీ మీద అతని పక్కన కూర్చుంది.

"అమ్మా, రేడియేషన్ కొలిచే నా బ్యాడ్జీ గురించి ల్యాబోళ్ళు తేల్చేసేరు. నా ఒంట్లోకి రేడియేషన్ ఎల్లనేదంట."

"మరి నీ బ్యాడ్జీలో అంత ఎక్కువ ఎలాగొచ్చిందిరా? నెల్రోజులై నా పేణం నిలవనేదు."

"తప్పు నాదేనమ్మా. డ్యూటీ అయిపోయేక సీసం ఏప్రాను విప్పి ఎక్స్‌రే గదిలోనే గోడమేక్కి తగిలించీవోణ్ణి. బ్యాడ్జీ దానికే ఉండిపోయీది. నేను ఇంటికొచ్చేసేక తీసిన ఎక్స్‌రేలన్నీ దాని మీద పడ్డాయి."

"అంటే రేడియేషనంతా గోడకున్న మేకు తినీసిందన్నమాట, నువ్వు కాదు."

"అంతే. ఇప్పుడు బ్యాడ్జీ తీసి ఆఫీసు గదిలో పెడతన్నాను."

"అమ్మయ్య! ఇంక కడుపునిండా తిను. ఆదివారానికి సెలవెట్టు, సింహాచలం ఎల్దాం."

"ఎందుకు?"

"నీ జుట్టిస్తానని అప్పన్నకి మొక్కేను."

"నా జుట్టా! నన్నడక్కుండానే? అయినా నాకేటీ అవనేదు కదమ్మా!"

"ఏటీ అవకూడదనే కదరా మొక్కేను!"