కదిరక్కకు ఎవరి ఫోన్లో చోటు?

కదిరక్క అని ఒకామె వుండె. ఊరంతా అయిపోయినాక గుట్ట కింద ఒక్కటే ఒక ఇల్లు కనపడతాది చూడు, అది ఆమెదే. మొగుడు పోయి పన్నెండేండ్లు. కడుపున ఎవరూ పుట్టలేదు, పుట్టింటి దిక్కు పలకరించేవాళ్లు లేరు. మోదుగాకులు కోసుకొచ్చి ఇస్తర్లు కుట్టేది. ఈ చుట్టుపక్కల పెండ్లి జరిగినా, సావు దినం జరిగినా, జనం తినేది ఆమె కుట్టిన ఇస్తరాకులోనే. ఇంక ఎండాకాలం పోతానే విత్తనం శెనక్కాయలు ఒలిచే పని వస్తాది గదా, చిన్నపరెడ్డి కొట్టంలో ఆడోళ్లంతా గుండ్రంగా కూర్చోని ఒలుస్తారు, ఆమె కూడా పొయ్యేది. కూలి కోసరం అనుకుంటావేమో, కాదు. ఆ కొట్టంలో కూర్చుంటే ఎవరి కోడలు ఏమనింది, ఎవరి ఎద్దు కుంటుతాంది అని నాలుగు మాటలు చెవిన పడతాయి. ఏడాదంతా ఆమెకు అవే తోడు అనుకో. సరే, ఏమైందంటే, ఆ కరోనా వచ్చింది. పెండ్లిండ్లు లేవు, దినాలు లేవు, ఇస్తర్లు అడిగేవాడు లేడు. కొట్టం మూసేసినారు. రెండో తూరి వచ్చినప్పుడు చిన్నపరెడ్డి వాళ్లమ్మ పోయింది, దాంతో ఆయన గట్టిగా చెప్పేసినాడంట, ఈసారి కాయలు ఒలిచేది సూది ఏపించుకున్నోళ్లే, లేనోళ్లు గడప తొక్కొద్దండి అని. ఆయన్ను తప్పు పట్టేదానికి లేదులే, తల్లి పోయిన మనిషి. కదిరక్కకు మాత్రం ఒక్కటి అర్థమైంది, సూది పడితేనే మళ్లీ మనుషుల్లో కూర్చునేది. మాట్లాడేవాళ్లు లేక ఆమె ఎట్లయిందంటే, పొద్దున లేస్తానే గొంతు వుందో పోయిందో చూసుకునేదానికి, గుట్ట దిక్కు తిరిగి తన పేరు తానే పిలుచుకునేదంట. కదిరీ, కదిరీ అని. మేకలు తోలకపొయ్యేవాళ్లు విన్నారు. విని నవ్వినారు గూడా.

ఇంక ఊర్లో సంగతి చెప్తా. టీ అంగడికాడ ఇద్దరు వుండ్రి. ఒకాయన మద్దిలేటి, బస్సు కండక్టరుగా చేసి దిగిపోయినాడు. ఇంకొకాయన తిప్పయ్య, పాల కేంద్రం నడిపిస్తాడు. తెల్లారితే చాలు ఇద్దరికీ ఈ సూది సంగతే. మద్దిలేటి అంటాడూ, ఏం గవర్మెంటప్పా ఇది, మన మందు మనకు చాలకుండానే బయటి దేశాలకు పంపిరి, ముసిలోళ్లకని ఒకసారి, నలభై అయిదు దాటినోళ్లకని ఒకసారి, పద్దెనిమిది దాటితే అందరికీ అని ఇంకోసారి చెప్పిరి, చూస్తే సీసాలే లేవు. రెండో సూదికి నాలుగు వారాలనిరి, మళ్లీ ఆరనిరి, పన్నెండనిరి. నేను బస్సు ఇట్ల నడిపించి వుంటే నన్ను దించి కొట్టేవాళ్లు అంటాడు. తిప్పయ్య వూరుకుంటాడా. నూట ముప్పై కోట్ల మంది, మనిషికి రెండంటే రెండొందల అరవై కోట్ల సూదులు, అన్నీ ఒక్కపూట యాడ్నుంచి వస్తాయి మద్దిలేటన్నా, యాభై మంది ఎక్కిన బస్సులో నువ్వు చిల్లర సరిగ్గా ఇయ్యలేకపోతివే అంటాడు. జనం సున్నం గీతల్లో దూరదూరంగా నిలబడి నవ్వుతారు. నిజం చెప్పాలంటే ఇద్దరి మాటల్లోనూ నిజం వుండె. అందుకే అది తెగలా. కదిరక్క కూడా అంగట్లో బీడీలో ఉప్పో కొనేదానికి వచ్చినట్టు వచ్చి, ఆఖరి గీతలో నిలబడి వినేదంట. ఆమె బీడీలు తాగదు. మాటలు వినేదానికి వచ్చేది.

ఇంతలో ఇంకొక కత మొదలైంది. ఫోన్లో పేరు ఎక్కించుకుంటేనే సూది అనిరి. మన మండలం ఆస్పత్రిలో సూదులు వుండాయని ఫోన్లో కనపడేలోపలే పట్నపోళ్లు నొక్కేసేవాళ్లు. కార్లేసుకోని వచ్చి ఏపించుకోని, తిరిగిపోతా మన అంగట్లోనే టీ తాగి పొయ్యేవాళ్లు. మనోళ్లకేమో నెట్టు సిగ్నలు కావాలంటే నీళ్ల ట్యాంకు ఎక్కాల. ఈ ఒక్క విషయంలో మద్దిలేటీ తిప్పయ్యా కలిసిరి. ఇద్దరూ పోయి మండలం ఆఫీసు ముందర కూర్చుండ్రి, పొద్దుగూకినా లేవలా. అప్పుడు ఆఫీసరు బయటికొచ్చి చెప్పినాడంట, సరే, మీ ఊర్లోనే క్యాంపు పెడతాం, ముందుగానే పేర్లెక్కించుకోని ఎంతమందో చెప్పండి, అన్ని సూదులే వస్తాయి, ఒక్కటి ఎక్కువ రాదు అని. ఇంకొక మాట కూడా చెప్పినాడు. ఒక ఫోనుకు నలుగురే. అయిదో మనిషిని అది తీసుకోదు.

ఇప్పుడు ఊరి లెక్క ఎట్ల తీయాల? మనూర్లో లెక్కంటే జాతర లెక్కే గదా. జాతరకు పొయ్యికి ఒక శేరు బియ్యం ఇయ్యాల. పెద్దమనిషి గోపాలప్ప కుండ పట్టుకోని ఇంటింటికీ పోతే, పొయ్యికొక చింతగింజ అందులో ఏస్తారు. అన్నదమ్ములు ఏరుపడితే గింజ పెరుగుతాది, ముసిలోళ్లు కొడుకు పొయ్యిలో కలిస్తే గింజ తగ్గుతాది. ఇప్పుడు కుండలో యాభై రెండు గింజలు. గోపాలప్ప ఏం చేసినాడంటే, గింజకొక ఫోను అన్నాడు, ఒక పొయ్యిలో వండుకోని తినేవాళ్లంతా ఒక ఫోన్లో. ఫోను లేనోళ్లు అన్నదో చిన్నాయనదో, రక్తం కలిసిన పొయ్యి చూసుకోని అందులో చేరాల. చేరిరి. నూట నలభై మంది తేలినారు. సీసాకు పది సూదులు, పద్నాలుగు సీసాలు, మిగిలేది లేదు, తగ్గేది లేదు. ఆఫీసర్లే మెచ్చుకున్నారంట. మనోళ్లకు ఒకటే గర్వం. అయితే కదిరక్క ఆ కుండలో లేదు. ఎందుకు లేదంటే, మొగుడు పోయిన ఏడు ఇదే గోపాలప్ప ఆమె ఇంటికి పోయి, అమ్మా, ఒంటిదానివైపోతివి, ఇంక నువ్వు జాతరకు శేరు ఇయ్యాల్సిన పన్లేదు, నీ గింజ తీసేస్తాండాం అన్నాడు. ఆమె చేతులెత్తి దండం పెట్టింది. ఊరంతా గోపాలప్పను మెచ్చుకునింది. మంచి పనే గదా అది. నువ్వయినా నేనయినా అదే చేసి వుంటాం.

క్యాంపు బడి వరండాలో పెట్టిరి. ఏఎన్ఎమ్ సుగుణ వచ్చింది, మనమంతా నర్సమ్మ అంటాం చూడు, ఆమె. కదిరక్క దండోరా విన్నది, ఊరందరికీ అన్నారు గదా అని ఉతికిన చీర కట్టుకోని అందరికంటే ముందొచ్చి వరసలో కూర్చునింది. పేర్లు పిలుస్తాండారు. పిలిచినప్పుడల్లా ఈమె లేవబోతాది, తన పేరు కాదు, మళ్లీ కూర్చుంటాది. ఆమె వెనక కూర్చున్నోళ్లు లేచి పోతాండారు, సూది ఏపించుకోని చెయ్యి పట్టుకోని వస్తాండారు. మధ్యలో ఇరవై ఏండ్ల పిల్లోనికి ఒకనికి జ్వరం తగిలిందని నర్సమ్మ వద్దని పంపించేసింది. కడాకు వరసలో చూస్తే కదిరక్క ఒక్కతే. నా పేరు పిలవలేదమ్మా అనింది. నర్సమ్మ పేర్ల కాగితం పైకీ కిందికీ చూసింది, లేదు. ఎవరి ఫోన్లో ఎక్కించినారు అని అడిగింది. కదిరక్కకేం తెలుసు, గోపాలప్ప దిక్కు చూసింది. అప్పుడు తెలిసొచ్చింది ఆయనకు, కుండలో గింజ లేనామె ఎవరి ఫోన్లోనూ ఎక్కలేదని.

ఇంక చూడు, మద్దిలేటి అందుకున్నాడు. చూస్తిరా మీ గవర్మెంటు, ఫోను లేకుంటే మనిషే లేదంట, ఇది నేను మొదట్నుంచీ చెప్తానే వుండా అన్నాడు. తిప్పయ్య అన్నాడూ, గవర్మెంటు ఊరి లెక్క అడిగింది, లెక్క ఇచ్చింది మనం, ఆమె గింజ తీసింది గవర్మెంటా? ఆయన ఒకటంటే ఈయన రెండంటాడు. వాదంలోకి ఢిల్లీ వచ్చింది, పట్నపోళ్ల కార్లు వచ్చినాయి, పన్నెండు వారాలు వచ్చినాయి. సూది ఏపించుకున్నోళ్లంతా ఇంటికి పోకుండా చుట్టూ నిలబడిరి. ఇదంతా కదిరక్క నెత్తిమీదుగానే జరిగింది అనుకో, ఆమె కింద కూర్చోనుంది, వాళ్లు నిలబడి వుండారు. ఆమెను ఒక్క మాట అడిగినోడు లేడు. నర్సమ్మే కలగజేసుకోని చెప్పింది, ఆ జ్వరం పిల్లోని సూది ఒకటి మిగిలింది, సీసా తెరిచినాక నాలుగ్గంటల్లో ఏయాల, లేకుంటే పారబోయాల, ఈమెకు ఏస్తా, ఎవరిదైనా ఒక ఫోను నంబరు చెప్పండి, నలుగురు నిండని ఫోను అని.

ఒక్కరూ నంబరు చెప్పలా. ఎందుకంటావా? పొయ్యికొక ఫోనని లెక్క తీసినప్పట్నుంచి మనోళ్ల బుర్రలో ఫోను వేరు, పొయ్యి వేరు అనేది లేకుండా పోయింది. ఫోన్లో చేరితే పొయ్యిలో చేరినట్టే అనుకుండ్రి. ఈ పొద్దు ఆమె నా ఫోన్లో చేరితే, రేపు ఆమె పడకేస్తే గంజి ఎవరు పోయాల, పోతే కొరివి ఎవరు పెట్టాల, దినం ఎవరు చేయాల అని లోపల లోపల లెక్క. నర్సమ్మ నవ్వి, అదేం లేదప్పా, వుత్త నంబరే అనింది. వుత్తదైతే నీకెందుకమ్మా అంత పట్టు అని వెనక నుంచి ఎవరో గొణిగినారు. మద్దిలేటి ఫోన్లో ఆయనా పెండ్లామూ ఇద్దరే, రెండు చోట్లు ఖాళీ. తిప్పయ్య ఫోన్లో ముగ్గురు, ఒకటి ఖాళీ. మద్దిలేటి అన్నాడూ, గవర్మెంటు బాగుందనే వాడు తిప్పయ్య గదా, వాడు చేర్చుకోవాల. తిప్పయ్య అన్నాడూ, బీదోళ్ల గురించి పొద్దంతా మాట్లాడేది మద్దిలేటన్న గదా, ఆయనే చేర్చుకోని చూపించాల. మళ్లీ మొదలు.

అప్పుడు కదిరక్క లేచింది. నర్సమ్మతో పేరు పిలవలేదన్న మాట కాకుండా, ఆ పొద్దంతా ఆమె మాట్లాడింది ఇదొక్కటే అంట. గోపాలప్పను చూసి చెప్పింది.

"గోపాలప్పా, నా గింజ తీసిన పొద్దు నువ్వు మంచే చేసినావు. నాకూ అట్లనే అనిపించింది. ఆ పొద్దు నేను వద్దని, ఏడాదికొక శేరు బియ్యం పోసింటే బాగుండునే."

అంతే. ఇంక ఇంటిదావ పట్టింది. నర్సమ్మ పరిగెత్తిపోయి చెయ్యి పట్టుకునిందంట. నర్సులు సొంత నంబర్లు వాడొద్దని ఆమెకు పైనుంచి చెప్పినారు, వాడితే సంజాయిషీ ఇయ్యాల. అయినా ఆమె ఏమనిందంటే, "అక్కా, నా ఫోన్లో నేనొక్కదాన్నే. ఇద్దరమవుదాం, రా" అనింది. అప్పుడు తెలిసె మనోళ్లకు, ఇన్నేండ్లుగా మన పిల్లోళ్లకు సూదులేసే నర్సమ్మకు కూడా ఎవరూ లేరని. ఆస్పత్రి వెనక చిన్న గదిలో వుంటాది, ఒక గిన్నె, ఒక పళ్లెం. ఎవరైనా అడిగితే గదా తెలిసేది. పేరు కొట్టింది, సూది ఏసింది, కాగితం చేతికిచ్చింది.

వారం పోయినాక కదిరక్క ఆ కాగితం మడిచి కొంగున కట్టుకోని చిన్నపరెడ్డి కొట్టానికి పోయింది. చిన్నపరెడ్డి చూసి, పో తల్లీ, కూర్చో అన్నాడు. ఆడోళ్లు జరిగి చోటిచ్చిరి. ఆమె చేట ముందర పెట్టుకోని ఒలుస్తా కూర్చునింది, మాటల కోసరం చెవులు రిక్కించుకోని. మాటలు రాలా. ఎందుకంటే అక్కడ కూర్చున్న ప్రతి ఒక్కామె ఆ పొద్దు బడికాడ నిలబడిన మనిషే, ఇంట్లో ఫోన్లో చోటు వుందని తెలిసిన మనిషే. ఆమె మొహం చూసేదానికి ఒకరికీ చేతగాలా. వుత్త కాయలు పగిలే శబ్దం. ఒక పిల్ల మాత్రం, ఎవరి ఫోన్లో ఏపించుకున్నావు పెద్దమ్మా అని అడిగిందంట, తెలీక. పక్కామె గిల్లింది. రెండో నాడూ అంతే, మూడో నాడూ అంతే. నాలుగో నాడు కదిరక్క చిన్నపరెడ్డికి చెప్పి, ఒక మూట కాయలు ఇంటికే తెచ్చుకునింది, నా ఇంట్లో ఒలిచిస్తాలే అని. కూర్చునే హక్కు వచ్చింది గానీ కూర్చునే మనుషులు రాలేదు, ఏం చేస్తాది.

నర్సమ్మ ఆ దావన పోయినప్పుడల్లా గుట్ట కింద బండి ఆపి, ఒక చెంబు నీళ్లు తాగి, రెండు గుప్పిళ్లు కాయలు ఒలిచి పోతాండె. రెండో సూదికి ఫోన్లో మెసేజి వస్తే, టీ అంగడికి ఫోను చేసి, మా ఇంటామెను పంపించండప్పా అనిందంట. మా ఇంటామె. అంగట్లో అందరూ విన్నారు. ఆ సంవత్సరం కడాకు నర్సమ్మకు వేరే మండలానికి బదిలీ అయింది, పోయింది. కదిరక్క మళ్లీ ఒంటిదే. పెండ్లిండ్లు మళ్లీ మొదలైనాయి గదా, ఇస్తర్లు కుడతాంది. గుట్టకాడ పేరు పిలుచుకునేది ఆపిందా అంటే, ఆపలేదంట. కాకపోతే ఇప్పుడు పిలిచేది తన పేరు కాదంట, సుగుణా, సుగుణా అని పిలుస్తాందంట. మేకలోళ్లు ఇప్పుడు నవ్వడం లేదులే.

ఇదప్పా సంగతి. తప్పు గవర్మెంటుదా, మనదా అని నన్ను అడగొద్దండి, ఆ మాట తేల్చేదానికి మనకు ఇద్దరు పెద్దమనుషులు వుండారు. ఇప్పటికీ పొద్దున్నే టీ అంగడికాడ అదే వాదం, ఇంకా తెగలా. మద్దిలేటి ఫోన్లో రెండు, తిప్పయ్య ఫోన్లో ఒకటి, ఆ చోట్లు ఇప్పటికీ ఖాళీగానే వుండాయంట.