మూడో డబ్బా తెరిచింది నేనే

1982 మార్చి 29, సోమవారం, ఉదయం 11 గంటల 20 నిమిషాలు. విశాఖపట్నం, మేజిస్ట్రేటు గారి ఎదుట.

నా పేరు కోన జోగమ్మ. వయసు నలభై ఒకటి అని రాయించాను, పుట్టిన తేదీ నాకు తెలీదు. ఉండేది మల్కాపురం. ఇంటి దగ్గర అట్లు పోసి అమ్ముతాను. భర్త పేరు నా నోటితో చెప్పను. మా తమ్ముడు అర్జునరావు చెప్పగా కోన పైడయ్య అని గుమస్తా గారు రాసుకున్నారు. నన్ను ఎవరూ బెదిరించి ఇక్కడికి తీసుకురాలేదు. రావద్దని బెదిరించినవాడు మాత్రం ఉన్నాడు, వాడి సంగతి తర్వాత చెబుతాను.

మా ఇంటి ముందు గదిలో దివిటీ ఫిల్మ్ కంపెనీ వాళ్లు అద్దెకుంటున్నారు. కంపెనీ అంటే ఇద్దరే మనుషులు, జ్ఞానశేఖర్ బాబు, దేవదానం బాబు. వాళ్లు తీసేవి హాల్లో ఆడే సినిమాలు కావు. ఓడ సరుకు మోసే కూలీలకు దెబ్బ తగిలితే ఎవరు పట్టించుకుంటున్నారు అన్నదాని మీద తీస్తున్నారు.

మార్చి 2న మధ్యాహ్నం మూడు గంటలకు కాంట్రాక్టరు గోడౌనులో తాడు తెగి మూటలు నా భర్త నడుం మీద పడ్డాయి. తాడు పీచులు లేచిపోయింది, తెగుతుంది అని ఆయన ముందే చెప్పాడు. మేస్త్రీ లాగమన్నాడు. 5వ తేదీ ఉదయం ఎనిమిదింటికి మా ఇంట్లో మంచం పక్కన కెమెరా పెట్టారు. "బాబూ, నల్లగా కనిపిత్తానేటి?" అని నా భర్త అడిగితే అందరం నవ్వాం. తర్వాత జరిగిందంతా ఆయనే చెప్పాడు. 8వ తేదీ ఉదయం పోయాడు. తాగి వచ్చి తనంతట తానే మూటల కింద దూరాడని కాంట్రాక్టరు రాయించాడు. కాదనడానికి ఆ రీలు తప్ప సాక్ష్యం లేదు. పక్కన పనిచేసినవాళ్లకు రేపు కూడా పని కావాలి, వాళ్లను నేను తిట్టను.

నాలుగు డబ్బాలు నిండాక రీళ్లు కడిగించడానికి మద్రాసు తీసుకెళ్తారు. అందాకా నా ట్రంకుపెట్టెలో పెట్టారు. మూడో డబ్బాలో మీ ఆయన ఉన్నాడమ్మా, మూత తియ్యొద్దు, వెలుతురు తగిలితే పోతుంది అని జ్ఞానశేఖర్ బాబు చెప్పాడు. చెప్పలేదని నేను అనను.

18వ తేదీ పదకొండో రోజు, దినం. ఫోటో పెట్టి దండ వెయ్యాలి. మా ఆయనకు ఫోటో లేదు. "ఫోటో తీత్తే ఆయుస్సు తగ్గిపోద్దే" అని స్టూడియో మెట్టెక్కేవాడు కాదు. పీట ఖాళీగా ఉంది. మా ఆడపడుచు చిట్టెమ్మ "మా అన్నని ఎక్కడ సూసి దణ్ణమెట్టాలి వదినా?" అని ఏడ్చింది. మనిషి ట్రంకుపెట్టెలో ఉంటే పీట ఖాళీగా ఉండడమేమిటి అనుకున్నాను. ఆయన ముఖం ఉన్న చోట రెండు వేళ్లంత ముక్క కత్తిరించుకుంటే చాలనుకున్నాను.

పదిన్నరకు పెరట్లోకి వెళ్లి టేపు విప్పి మూత తీశాను. లోపల నల్ల సంచి ఉంది, అందులోంచి రీలు తీశాను. ఎండలో బాగా కనిపిస్తాడని సూర్యుడికి ఎదురుగా పట్టుకున్నాను. మూర తర్వాత మూర లాగి చూశాను. ముఖం లేదు. మంచం లేదు. ఎక్కడా లేడు. కడగని రీల్లో బొమ్మ కనిపించదని అప్పుడు నాకు తెలీదు. నాకు చూడ్డం చేతకావడం లేదేమో అనుకుని మళ్లీ మొదటినుంచి చూశాను. తర్వాత చుట్టేసి, టేపు అంటించి, డబ్బానే పీట మీద పెట్టి దండ వేశాను. భోజనానికి వచ్చిన జ్ఞానశేఖర్ బాబు ఆ డబ్బాకు దణ్ణం పెట్టుకున్నాడు. అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు.

20న ఇద్దరూ మద్రాసు వెళ్లి 26న వచ్చారు. మూడో రీలు మొత్తం నల్లగా వచ్చిందన్నారు. మా తమ్ముడు స్టేషనుకు వెళ్లి, జ్ఞానశేఖర్ బాబు కాంట్రాక్టరుకు అమ్ముడుపోయి రీలు పాడుచేశాడని ఫిర్యాదు ఇచ్చాడు. 27 నుంచి ఆ బాబు లాకప్పులో ఉన్నాడు.

నిన్న సాయంత్రం దేవదానం బాబు వచ్చాడు. దినం రోజు పొద్దున నాకు ఆఖరిసారి పసుపు రాశారు. డబ్బాలోని నల్ల సంచి మీద ఆ పసుపు వేళ్ల గుర్తులున్నాయట. మద్రాసులోనే ఇద్దరూ చూశారట. "జ్ఞానశేఖర్ ఎవులికీ సెప్పొద్దని నాసేత ఒట్టేయించుకున్నాడమ్మా. పోలీసులడిగితే నా సెయ్యి జారిందనే సెప్తన్నాడు" అన్నాడు. నాకు తలకొట్టేసినట్టయింది.

తమ్ముడితో చెప్పాను. "నోరు ముయ్యప్పా! ఆడు అమ్ముడుపోయాడంటేనే కాంట్రాక్టరు ఇరుక్కుంటాడు. నువ్వు తీసేవని తెలిత్తే బావ కేసు గంగలో కలిసిపోద్ది. కోర్టుకెల్తే నీకూ నాకూ సంబందం లేదు" అన్నాడు. "మీ బావ మంచాన పడితే నువ్వొచ్చింది రెండుసార్లు. ఆ బాబు రోజూ వొచ్చి తడిగుడ్డతో ఒళ్లు తుడిసినాడు. ఆడినేనేట్రా అమ్ముడుపోయాడంతన్నావు?" అని అడిగాను. వాడికీ బావంటే ప్రాణమే. పొద్దున మళ్లీ వాడే నన్ను రిక్షా ఎక్కించి తీసుకొచ్చాడు.

కేసు పోతుందని నాకు తెలుసు. నా భర్త నడుం విరిగి పడుకుని కూడా ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు. మేస్త్రీని తిట్టమన్నా తిట్టలేదు. ఆయన కోసం నేను అబద్ధమాడి గెలవను. జ్ఞానశేఖర్ బాబును ఇవాళే వదిలెయ్యండి. శిక్ష ఏదైనా ఉంటే నాకు వెయ్యండి.

ఇదంతా గుమస్తా గారు నాకు చదివి వినిపించారు. ఒకచోట 'నిర్లక్ష్యంగా తెరిచాను' అని ఉంటే ఆపమన్నాను. నిర్లక్ష్యం కాదు బాబూ, ఆయన్ని చూడాలని తెరిచాను, అలాగే రాయండి అన్నాను. మేజిస్ట్రేటు గారు దిద్దించారు. ఇప్పుడు ఇందులో ఉన్నదంతా నేను చెప్పిందే, నిజమే.

కోన జోగమ్మ, ఎడమచేతి బొటనవేలి నిశాని.